ఎడమ పక్క చోటు

“నువ్వు లేకుండా ఒక్క మెట్టు కూడా దిగనురా బామ్మర్దీ. దిగితే నా చెయ్యి విరగ్గొట్టు.”

ఈ మాట అన్నది మా బావ. గ్రీజు మరకల చొక్కా కూడా విప్పకుండా మా గదిలో పరుపు మీద కూర్చుని, నా చేతిలో చెయ్యి వేసి అన్నాడు. నేను అడగలేదు. అడక్కుండానే ఇచ్చాడు. బలవంతం లేని ఒప్పందమే అసలైన ఒప్పందం అని నమ్మే మనిషిని నేను. కాబట్టి నమ్మాను.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. లిఫ్టు మెకానిక్కు. నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఒక పాత మేడలో అన్నిటికంటే పై గదిలో ఇద్దరం కలిసి ఉండేవాళ్లం. ఆ మేడకీ ఒక లిఫ్టు ఉంది. నెలలో సగం రోజులు కదలదు. “ఊరందరి లిఫ్టులూ బాగుచేసేవాడు ఉన్న ఇంట్లో మా మోకాళ్లు అరిగిపోతున్నాయి నాయనా” అని సరిగ్గా మా కింది వాటాలో ఉండే ఇంటావిడ దెప్పేది. “డాక్టరు పెళ్ళానికే జ్వరం తగ్గదండీ పిన్నిగారూ” అని నవ్వుతూ మెట్లెక్కేసేవాడు బావ. ఎక్కేటప్పుడు ఈల వేసేవాడు. ఆ ఈల విని నేను టీవీ పెట్టి, ఆట సిద్ధం చేసి ఉంచేవాణ్ణి.

ఆట పేరు ‘లోతు’. కార్డులతో ఆడే వీడియో గేమ్. లాంతరు పట్టుకున్న గని కార్మికుడొకడు చీకటి గనిలోకి మెట్టు మెట్టుగా దిగుతుంటాడు. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి ఎదురొస్తుంది. మన కట్టలోంచి కొన్ని కార్డులు చేతికొస్తాయి. వాటితోనే కొట్టాలి, వాటితోనే కాచుకోవాలి. గెలిస్తే మూడు కొత్త కార్డులు చూపిస్తుంది. అందులో ఒకటి ఎంచుకుని కట్టలో కలుపుకోవచ్చు. చస్తే మాత్రం అంతే. కూడబెట్టిందంతా గంగలో కలుస్తుంది. మళ్లీ పై మెట్టు నుంచి, మొదట ఇచ్చిన ఆ నాసిరకం కార్డులతోనే మొదలుపెట్టాలి.

నేను ఆ ఆటని ప్రేమించింది అందుకే. అందులో వారసత్వం లేదు. తాత సంపాదించింది మనవడి ఒళ్లో పడదు. ఎంత గొప్పగా దిగినవాడైనా రేపు మళ్లీ సున్నా నుంచే. ఓటమి అందరికీ ఒకే కొలత. బయటి ప్రపంచంలో మా కార్మిక సంఘం వాళ్లం గోడల మీద రాసుకునే న్యాయం, ఆ టీవీ తెరలో నిజంగా అమలయ్యేది. ఈ సంగతి నేను ఆవేశంగా చెబితే బావ చెవి గోక్కుంటూ వినేవాడు. “నీ ఉపన్యాసం బాగుందిరా, ఈలోపు ఆ గబ్బిలం మన లాంతరు ఆర్పేసింది” అనేవాడు.

అది ఒక్కరే ఆడాల్సిన ఆట. మేం ఇద్దరం ఆడేవాళ్లం. కొట్లాట వాడిది, ఎంపిక నాది. మొదట్లో ఇందులో పెద్ద చిక్కొచ్చిపడింది. నేను ఎంచుతుంటే వాడు మొహం పెట్టేవాడు. వాడు గొడ్డలి కోరుకుంటే నేను డాలు తీసుకునేవాణ్ణి. ఆ మాడిన మొహం చూసి నా చెయ్యి తడబడేది. ఒకరోజు ఒక డాలు గురించి తగువు పడి, వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. అప్పుడు నేనే ఒక నియమం పెట్టాను. మూడు కార్డులు తెర మీదికి రాగానే ఆడేవాడు కళ్లు మూసుకోవాలి. జాయ్‌స్టిక్‌ని ఎడమ పక్కకి చాపాలి. ఎడమ పక్కన కూర్చున్నవాడు అందుకుని, ఎంచి, తిరిగి వాడి అరచేతిలో పెట్టాలి. పెట్టాకే కళ్లు తెరవాలి. ఎంపిక అయ్యాక దాని గురించి నోరెత్తకూడదు. నిర్ణయం వెలువడ్డాక అది ఇద్దరిదీ.

ఈ పద్ధతి మాకు ఎంత అలవాటైపోయిందంటే, వాడు చూడకుండానే చెయ్యి చాపేవాడు, నేను చూడకుండానే అందుకునేవాణ్ణి. ఆటలో మమ్మల్ని చాలాసార్లు మింగిన గుడ్డిపాము చచ్చిన రోజున బావ పరుపు మీద గంతులేస్తే, ఇంటావిడ కింద నుంచి చీపురు కర్రతో కప్పు పొడిచింది. ఇద్దరం నోళ్లు మూసుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. అంతకంటే పెద్ద ఆస్తి నాకు లేదు. పరుపు మీద ఎడమ పక్కన గోడకి ఆనుకుని ఒక మనిషి పట్టేంత చోటు. అది నాది.

ఇంకొక్క సంగతి చెబితే ఆట మొత్తం చెప్పినట్టే. గనిలో అక్కడక్కడా కొలిమి ఉంటుంది. అక్కడ కొత్త కార్డులు ఇవ్వరు. ఉన్న కార్డు ఒకటి నిప్పులో వేసి పూర్తిగా వదిలించుకోవచ్చు. మొదట ఇచ్చిన ఆ పాత కార్డులు చివరికి కాళ్లకి అడ్డం పడతాయి. అవి తగలబడితే కట్ట పలచబడుతుంది, మంచివే పదేపదే చేతికొస్తాయి. నేను అన్నిటినీ దయలేకుండా కాల్చేవాణ్ణి. ఒక్కదాన్ని తప్ప. దాని పేరు ‘తోడు’. వీపు మాత్రమే కనిపించే ఇంకో కార్మికుడి బొమ్మ. మన మీద పడే దెబ్బని రెండుగా పంచుతుంది, అంతే. ఆటలో అంతకంటే పనికిమాలిన కార్డు లేదు.

“దాన్ని కాల్చి పారెయ్‌రా” అనేవాడు బావ.

“దెబ్బని పంచుకోవడమే కదా మనం కోరుకునే సమాజం!”

“సమాజం తర్వాత కట్టుకుందాం. ముందు ఈ మెట్టు దాటనీ.”

అయినా నేను కాల్చలేదు. అందువల్లనో మరెందువల్లనో, ‘నీళ్ల తలుపు’ అనే చోటు దాటి మేం ఎప్పుడూ కిందికి పోలేదు.

మా సంఘం వాళ్లు పెట్టిన అధ్యయన శిబిరానికి నేను వెళ్లింది ఆ రోజుల్లోనే. వారం పాటు ఒక పాత గోదాములో చాపల మీద పడుకుని, ఉమ్మడితనం గురించి, నమ్మకద్రోహం గురించి బోలెడు విన్నాను. రాసుకున్నాను. చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి తలుపు తోసేసరికి బావ ఆడుతున్నాడు. తెర మీద నేనెప్పుడూ చూడని గది. తెల్లటి రాతి గోడలు. పైనుంచి నీటి చుక్కలు రాలుతున్న చప్పుడు.

“ఇదెక్కడ్రా?” అన్నాను సంచీ కింద పెట్టకుండానే.

“నీళ్ల తలుపు అవతల.” వాడు నా వైపు తిరగలేదు.

నా చెవులు వేడెక్కాయి. “నువ్వు లేకుండా ఒక్క మెట్టు కూడా దిగనన్నావు.”

“అన్నాన్రా. తిట్టు. వాన పడుతోంది, పనికి పిలుపు రాలేదు, చేతులు దురద పెట్టాయి. ఒక్క మెట్టే అనుకున్నా.”

“మరి ఎంచింది ఎవరు?”

బావ ఆట ఆపి జాయ్‌స్టిక్‌ని ఒళ్లో పెట్టుకున్నాడు.

“అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని చెయ్యి చాపానురా. నువ్వు ఊళ్లో లేవన్న సంగతే గుర్తులేదు.”

“తర్వాత?”

“తర్వాతేముంది...” అని చిన్నగా నవ్వాడు. “అందుకున్నారు.”

వేళాకోళం అనుకున్నాను. మనిషిని పక్కన పెట్టుకుని ఆడి, పేరు చెప్పడానికి మొహం చెల్లక మాట దాటేస్తున్నాడనుకున్నాను. వాడు నిద్రపోయాక కట్ట తెరిచి చూశాను. ఒక్కో కార్డూ ప్రూఫు చూసినట్టు చూశాను. నాకు తట్టని ఎంపికలు. నేను వందసార్లు వదిలేసిన ‘తడి తాడు’ అనే కార్డు, ‘ఊపిరి’ అనే ఇంకో కార్డు పక్కన చేరి ఎంత పదునెక్కిందో! ఆ రెండూ కలిస్తే దెబ్బ మీద దెబ్బ, ఎదటిది లేచే వీలే లేదు. ఎవరో బావ చేతి వేగాన్ని, వాడి తొందరని, వాడి భయాన్ని కూడా చదివి, వాడికి అచ్చంగా కొలిచి కుట్టిన చొక్కాలా ఆ కట్ట కట్టారు. పాతవన్నీ కొలిమిలో పడిపోయాయి. ‘తోడు’ ఒక్కటే మిగిలింది.

అసూయ పాత వ్యవస్థ అంటించిన రోగం అని నేనే ఒక కరపత్రంలో రాశాను. ఆ రాత్రి ఆ వాక్యాన్ని నేనే కొట్టేసుకోవాల్సి వచ్చింది.

మర్నాడు మెట్ల దగ్గర ఇంటావిడ ఆపింది. “మీ గదిలోకి కొత్తగా ఎవరైనా వచ్చారా నాయనా? చెప్పకుండా మనుషుల్ని పెట్టుకోకూడదు.”

“ఎవరూ రాలేదండీ. ఎందుకలా అడిగారు?”

“నువ్వు లేనప్పుడు మీ బావ ఒకటే కబుర్లు. ఆగడం, నవ్వడం, మళ్లీ మాట్లాడటం. అవతలి గొంతు మాత్రం వినపడదు. మెత్తటి మనిషి కాబోలు.”

మెత్తటి మనిషి! బావ పనిచేసే చోట కొత్తగా ఒక ఎలక్ట్రీషియన్ చేరిందని విన్నాను. చురుకైనదని, లెక్కల్లో దిట్ట అని. ఇక నాకు నిద్ర లేదు. వాడు పనికి వెళ్లగానే పరుపు ఎడమ పక్కన దొంగలా వెతికేవాణ్ణి. ఒక వెంట్రుక దొరుకుతుందేమోనని. దొరకలేదు. దుప్పటి మాత్రం ఆ ఒక్క మేర తడిగా ఉండేది. ఎండలో వేసినా సాయంత్రానికి మళ్లీ చెమ్మ. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన... కొత్తగా సున్నం కొట్టిన గోడ తడిస్తే వచ్చే వాసన.

“ఆ ఎలక్ట్రీషియనేనా?” అని ఒకరోజు మొహం మీదే అడిగాను.

“ఎవరూ? ఆవిడకి ఇద్దరు పిల్లల్రా మహానుభావా!” అని పడీపడీ నవ్వాడు. వాడు అలా నవ్వడం నేను చూసిన చివరిసారి అదే.

ఎందుకంటే ఆ తర్వాత వాడు ఒక్కొక్కటీ తీసెయ్యడం మొదలుపెట్టాడు. ముందు రేడియో ఎవరికో ఇచ్చేశాడు. తర్వాత గోడ మీది ఫోటోలు. తర్వాత కుర్చీ. వాడికి ప్రాణమైన ఎర్ర టోపీ చెత్తబుట్టలో కనపడింది. ఒక సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు విని, ఎవరో అపరిచితుడనుకున్నాను. తలుపు తెరిస్తే బావే. ఈల లేదు.

“ఏమైందిరా నీకు? గదంతా ఊడ్చేస్తున్నావు.”

“బరువు తగ్గించుకుంటున్నా.”

“ఎవరు చెప్పారు?”

వాడు నా వైపు జాలిగా చూశాడు. “ఎంపిక అయ్యాక నోరెత్తకూడదు కదరా.”

నా నియమం. నేను పెట్టిన నియమం. దాన్ని ఇంకెవరికోసమో నా మీదే తిప్పి కొట్టాడు. ఆ రోజే నిశ్చయించుకున్నాను. ముసుగు తొలగించకుండా ఏ పోరాటమూ మొదలవదు.

వాన రోజు. సాయంత్రం కాకముందే చీకటి కమ్మింది. ప్రెస్సులో పనుంది, ఆలస్యమవుతుంది అని చెప్పి బయటపడ్డాను. వీధి చివర ఇస్త్రీ బడ్డీ పంచ కింద కాసేపు నిలబడ్డాను. బొగ్గుల వాసన, తడి గుడ్డల వాసన. మా గది కిటికీలో టీవీ వెలుగు నీలంగా వెలిగింది. మెట్లలోకి ఎవరూ వెళ్లలేదు. ఎవరూ రాలేదు. అంటే ముందే లోపల ఉందన్నమాట, అనుకున్నాను. పళ్లు కొరుక్కుంటూ వెనక్కి నడిచాను.

లిఫ్టు కదలడం లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లెక్కాను. పైకి వెళ్లేకొద్దీ వాన చప్పుడు పెరగాలి. తగ్గుతోంది. చివరి మలుపు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. కిటికీ అద్దం మీద నీళ్లు జారుతూనే ఉన్నాయి... చప్పుడు మాత్రం లేదు. బదులుగా ఒక చుక్క. ఆగి, ఇంకో చుక్క. రాతి మీద. అది టీవీలోంచే వస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. సున్నం వాసన గొంతులోకి దిగింది.

తలుపు ఓరగా ఉంది.

బావ నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తెర మీద కార్మికుడి లాంతరు చిన్నగా మిణుకుతోంది. ఏదో పెద్దది కూలింది. మూడు కార్డులు వచ్చాయి. బావ తల కొంచెం వంచాడు. కళ్లు మూసుకున్నాడని నాకు వెనక నుంచే తెలుస్తుంది. ఎడమ చెయ్యి చాపాడు.

ఎడమ పక్కన ఎవరూ లేరు.

జాయ్‌స్టిక్ వాడి చేతిలోంచి జరిగింది. కింద పడలేదు. పరుపుకి జానెడు ఎత్తున ఆగింది. తెర మీద గుర్తు మొదటి కార్డు దగ్గర నిలిచింది. రెండో దానికి జరిగింది. ఆలోచించింది. నిజంగా ఆలోచించింది... తొందర లేకుండా, నేను ఆలోచించేదానికంటే నెమ్మదిగా. మూడోది తీసుకుంది. తర్వాత జాయ్‌స్టిక్ వెనక్కి వచ్చి బావ అరచేతిలో మెల్లగా కూర్చుంది. వాడి వేళ్లని ఎవరో ఒక్కొక్కటిగా ముడిచారు.

“బాగుంది” అని గుసగుసలాడాడు బావ. ఆ గొంతులో ఉన్న చనువు నాకు తెలుసు. అది నాతో మాట్లాడేటప్పటి గొంతు.

పారిపోవాల్సింది. ఎవరైనా పారిపోతారు. నేను మాత్రం తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. నా చోట్లో ఎవరో కూర్చున్నారు. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఆ ఒక్క మాటే.

“జరగండి” అన్నాను ఖాళీ పరుపుతో.

బావ తల తిప్పలేదు. “అక్కడ చోటు లేదురా” అన్నాడు చాలా మెల్లగా.

కూర్చున్నాను.

పరుపు నా బరువుకి కిందికి దిగలేదు. ముందే దిగి ఉంది. తడి, చలి తొడల్లోంచి నడుములోకి పాకాయి. వీపుకి గోడ తగలాలి. గోడ కాదు తగిలింది. ఎవరి ఒళ్లోనో కూర్చున్నట్టు... మెడ వెనక ఊపిరి లేదు. ఊపిరి ఉండాల్సిన చోట చల్లటి ఖాళీ.

“ఆడు” అన్నాను. నా గొంతు నాదిలా లేదు. “ఈసారి నేను ఎంచుతాను. దమ్ముంటే నన్ను ఓడించమను.”

బావ ఆడాడు. ఎంత బాగా ఆడాడో! తడి తాడు, ఊపిరి, మళ్లీ తాడు. ఎదురొచ్చింది ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. అంత భయంలోనూ, ఆ ఆట అందం చూసి నా కళ్లు చెమర్చాయి. ఆ అందంలో నా చెయ్యి లేదు.

లాంతరు ముందుకి కదిలింది. కొలిమి వచ్చింది.

మొత్తం కట్ట తెర మీద పరుచుకుంది. గుప్పెడు కార్డులు. ఆ చివర, వీపు మాత్రమే కనిపించే కార్మికుడి బొమ్మ.

బావ కళ్లు మూసుకున్నాడు. చెయ్యి చాపాడు. నేను రెండు చేతులతోనూ జాయ్‌స్టిక్ పట్టుకున్నాను. దొరికింది! గట్టిగా పట్టుకున్నాను. వేరే కార్డు వైపు తోశాను. గుర్తు కదిలింది. ఆగింది. మళ్లీ ‘తోడు’ వైపు నడిచింది.

నా వేళ్ల మీద వేళ్లు.

నా వెనక నుంచి, నా చంకల కిందుగా వచ్చి, నా వేళ్ల మీద ఒక్కొక్కటిగా వాలాయి. పొడుగ్గా, చల్లగా, తొందర లేకుండా. నన్ను నొక్కలేదు, తోసెయ్యలేదు. చిన్నపిల్లాడి చేత అక్షరాలు దిద్దించేవాళ్లు పట్టుకున్నట్టు పట్టుకున్నాయి.

“బావా...” అన్నాను. “కళ్లు తెరు.”

వాడు తెరవలేదు. నియమం నియమమే.

“బావా, వద్దు... ఒక్కసారి ఇటు చూడు...”

నా బొటనవేలు నొక్కుకుపోయింది. నా వేలే. దాన్ని నొక్కింది నేను కాదు. కొలిమిలో కార్డు భగ్గుమంది. టీవీలోంచి వచ్చిన ఆ వెలుగులో గది మొత్తం ఒక్కసారి ఎర్రగా కనిపించి ఆరిపోయింది. జాయ్‌స్టిక్ నా చేతుల్లోంచి జారి బావ అరచేతిలోకి చేరింది.

వాన చప్పుడు తిరిగొచ్చింది.

బావ కళ్లు తెరిచి, తల తిప్పి, నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. భయం లేదు. పొరపాటున ఇంట్లోకి వచ్చిన వాళ్లని చూసే చూపు.

“ఎవరు కావాలండీ?” అన్నాడు. “తలుపు తీసి ఉందా?”

నేను మెట్ల మీద ఎలా దిగానో నాకు తెలియదు. ఆ తర్వాతి రోజే బావ ఒక చిన్న సంచీతో గది ఖాళీ చేశాడు. ఇంటావిడ అడిగితే “దగ్గరలోనే దొరికింది, ఇద్దరికి సరిపోతుంది” అన్నాడట. టీవీ తీసుకెళ్లలేదు, ఆట తీసుకెళ్లలేదు. వాటి అవసరం తీరిపోయినట్టుంది. పనికి మాత్రం రోజూ వెళ్తున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. ఒకరోజు మా వీధి మలుపు దగ్గర ఎదురుపడి “ఒరేయ్ బావా!” అని భుజం పట్టుకుంటే, మర్యాదగా ఆగి “చెప్పండి” అన్నాడు. నేను ఏం చెప్పను? చిన్నప్పుడు ఒకే చొక్కా వంతులేసుకుని తొడుక్కున్నవాడు నన్ను ‘అండీ’ అంటే, దానికి జవాబు ఏ పుస్తకంలో ఉంది?

గదిలో ఒంటరిగా కూర్చుని నేనూ ఆడాను. మూడు కార్డులు రాగానే కళ్లు మూసుకున్నాను. ఎడమ పక్కకి చెయ్యి చాపాను. ఒక రోజు కాదు, చాలా రోజులు. మోచెయ్యి లాగేదాకా చాపి ఉంచాను. ఎవరూ అందుకోలేదు. నాలో ఏం లోపం కనిపించింది? నేను ఎంచినవన్నీ అంత తప్పులా? పరుపు పొడిగా ఉంది. వాసన కూడా పోయింది. నాకు భయమేసింది ఆ కనపడనివాళ్లు వస్తారని కాదు. నాకోసం ఎప్పటికీ రారని.

ఇదంతా నేను మింగేసి ఊరుకునేవాణ్ణేమో. మొన్న బావ వాళ్లమ్మ, మా అత్త, ఫోన్ చెయ్యకపోతే.

“ఏరా, నామీద ఏమైనా కోపమా?” అంది ఎత్తగానే. “ఆదివారం అంత దూరం వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా కూర్చుని వెళ్లావు!”

“నేను రాలేదత్తా.”

“చాల్లే వేషాలు. మీ బావ ఎడమ పక్కనే కూర్చున్నావుగా పొద్దుగూకేదాకా. వాడేమో మాటకి ముందు బామ్మర్దీ, మాటకి వెనక బామ్మర్దీ. నువ్వు తల ఊపడమే. తిండి కూడా ముట్టలేదు.”

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

“ఇంకోటి చెప్పడం మరిచాను” అంది అత్త, గొంతు తగ్గించి. “వెళ్లేటప్పుడు నీ చెయ్యి పట్టుకున్నాను చూడు... రాయిలా అంత చల్లగా ఉందేంట్రా? డాక్టరుకి చూపించుకో నాయనా.”

ఇక మౌనం నేరం. అందుకే ఇది రాస్తున్నాను. బావా, ఇది నీకోసం కాదు. నీకు నేనెవరో తెలియదు. నా మొహం పెట్టుకుని మా అత్త ఇంట్లో కూర్చున్న మీకోసం. మీరెవరో, ఏ లోతులోంచి వచ్చారో నాకు అక్కర్లేదు. మీరు నాకంటే బాగా ఎంచుతారు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆక్రమణ ఎంత తెలివైనదైనా ఆక్రమణే. ఆ చోటు నాది, ఆ పిలుపు నాది, ఆ మనిషి నావాడు. మా వాణ్ణి తిరిగి ఇస్తారా? లేక వాడి కుడి పక్క చోటు ఖాళీగా ఉంటే, నన్నూ మీ కట్టలో కలుపుకుంటారా? ఏదో ఒకటి తేల్చండి.

సమాధానం నవంబరు పంతొమ్మిదో తేదీ సాయంత్రంలోగా నాకు చేరాలి.